భీమిలి రోడ్డు మీద బస్సు దిగనివాళ్లు

టూరు బస్సుల్లో కొందరు ఆడవాళ్లు ఏ చోటా దిగరు. ఎందుకు దిగరని అడిగితే అందరి జవాబూ ఒకటే, మోకాళ్ల నొప్పులు. ట్రావెల్స్ ఓనర్లు అదే చెబుతారు, డ్రైవర్లు అదే చెబుతారు, మొగుళ్లు అదే చెబుతారు. చివరికి దిగని ఆ మనుషులు కూడా మోకాలి మీద చెయ్యి వేసుకుని అదే చెబుతారు. నేను ఒప్పుకోను. హైదరాబాదులో మౌలాలి గుట్ట మెట్లెక్కి దర్గాలో మొక్కి వచ్చిన మోకాళ్లు, మోటారు చెడిపోయిన రోజు మూడో అంతస్తుకు నీళ్లు మోసిన మోకాళ్లు, విశాఖపట్నం చేరేసరికి బస్సు మెట్లు దిగలేనంతగా చెడిపోతాయా? ఈ మాట మీద చాలామందితో పోట్లాడాను. ఒకరిద్దరు నాతో మాటలు మానేశారు. నాకు నష్టమేమీ కాలేదు.

ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర ఒక చిన్న ట్రావెల్స్ ఆఫీసులో టూర్ మేనేజరుగా పనిచేశాను. నడుము మొరాయించడంతో యాభైల్లోనే మానేశాను. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం ఒడ్డున సాగే రోడ్డే మా ఆఫీసుకు అన్నం పెట్టింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు అప్పుడప్పుడు ఫోను చేసి, ఏ పాయింటు దగ్గర ఎంతసేపు ఆపాలని అడుగుతుంటారు. అది ఫోన్లో మ్యాపు కూడా చెబుతుంది. మ్యాపు చెప్పనిది రాద్దామని కూర్చున్నాను.

తలుపు ఏ వైపు

ముందు రోడ్డు సంగతి. భీమిలి వెళ్లేటప్పుడు సముద్రం కుడి పక్క, కొండలు ఎడమ పక్క. బస్సు తలుపు ఎడమ పక్కే ఉంటుంది. అంటే వెళ్లేటప్పుడు తలుపు కొండ వైపు తెరుచుకుంటుంది. దిగినవాళ్లు బస్సు చుట్టూ తిరిగి, రోడ్డు దాటి నీళ్ల దగ్గరికి పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు అదే తలుపు సముద్రం వైపు తెరుచుకుంటుంది. నడవలేనివాళ్లకు నీళ్లు చూపించాలంటే వచ్చేటప్పుడే ఆపాలి. కానీ ఎవరూ ఆపరు. పాయింట్లన్నీ వెళ్లేటప్పుడే కవర్ చేసేసి, తిరుగు దారిలో అందరూ కునుకు తీస్తుంటే బస్సును నేరుగా షాపింగు దగ్గరికి తోలడం మా లైన్లో ఆనవాయితీ.

పాయింట్ల మీద నా అభిప్రాయాలు మా ఓనరు సార్‌కు నచ్చేవి కావు. కైలాసగిరి పైనుంచి చూస్తే కొండకూ నీళ్లకూ మధ్య ఈ రోడ్డు ఒంపులు తిరుగుతూ పోవడం కనిపిస్తుంది. దానికి వీపు పెట్టి జనం శివపార్వతుల విగ్రహం ముందు ఫొటో కోసం తోసుకుంటారు. తొట్లకొండ మీద ఒకప్పటి బౌద్ధ భిక్షువుల గదుల పునాదులే మిగిలాయి. రిటైరైన తాసిల్దారు ఒకాయన అక్కడ నన్ను నిలదీశాడు.

"ఇటుకలు సూపెట్టనీకి ఇంత పైకి తెచ్చినవా అమ్మా?"

"ఇటుకలు కాదండీ. వాళ్లు ఇక్కడ కూర్చుని రోజూ ఏం చూసేవాళ్లో అది చూడండి, అటు తిరగండి" అన్నాను.

ఆయన తిరిగాడు. కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత "మాకు క్వార్టర్లు గిట్లాంటి జాగల ఇయ్యలే" అన్నాడు.

ఎర్రమట్టి దిబ్బల మీదికి ఎక్కొద్దని చెప్పండి. గాలీ వానా యుగాల తరబడి చెక్కిన గోడ ఒక్క చెప్పు కిందే జారిపోతుంది. మంగమారిపేట దగ్గర ఎండుచేపల వాసనకు కిటికీలు మూసుకుంటారు, హోటలుకు చేరగానే చేపల వేపుడు లేదా అంటారు. భీమిలిలో పాత డచ్చివాళ్ల సమాధులు చూపిస్తే ఒకావిడ, "పైసలు గట్టి బొందలగడ్డ సూడాల్నా?" అని నా మీద లేచింది. ఆమెతో మాత్రం వాదించలేదు. ఆ మాటలో న్యాయం ఉంది.

ఇంకో మాట. మా నాన్న తుని వైపు నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చి నాచారంలో స్థిరపడ్డాడు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా బస్సులో ప్రతిసారీ ఎవరో ఒకరు, "మీ సముద్రమే గదమ్మా, నువ్వే జెప్పాలె" అనేవాళ్లు. నాకూ ఆ సముద్రం ఉద్యోగంలో చేరాకే తెలిసింది. బడాయికి ఆ సంగతి ఎప్పుడూ చెప్పలేదు.

సార్ అచ్చు వేయించిన సూర్యాస్తమయం

సార్ చెడ్డవాడు కాడు. సముద్రాన్ని ఫొటోల్లో తప్ప చూడని మనిషి. ఒక సీజన్లో కరపత్రం మీద 'సముద్రంలో సూర్యాస్తమయం' అని పెద్ద ఫొటోతో అచ్చు వేయించాడు.

"సార్, అది తూర్పు సముద్రం. సూర్యుడు అందులోంచి లేస్తాడు గానీ అందులో మునగడు" అన్నాను.

"జనాలకు ఫొటో గావాలె అమ్మా, దిక్కులు గాదు. డిగ్రీ జదివినవని ప్రతిదాంట్ల అడ్డం రాకు."

ఆ కరపత్రం పట్టుకుని బయల్దేరిన బస్సంతా ఒక సాయంత్రం నీళ్ల వైపు మొహం పెట్టి, ఫోన్లు ఎత్తి పట్టుకుని నిలబడింది. వాళ్ల వెనకాల కొండల చాటుకు పొద్దు దిగిపోయింది. ఒక్కరూ వెనక్కి తిరగలేదు. చీకటి పడ్డాక ఒక పెద్దాయన, "మబ్బులు అడ్డమొచ్చినయ్" అన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంటికి వెళ్లాక వాళ్లలో సగం మంది సూర్యాస్తమయం చూశామనే చెప్పి ఉంటారు. అప్పట్లో ఈ సంగతి చెప్పి చాలామందిని నవ్వించాను. తర్వాత చెప్పడం మానేశాను. ఎందుకో కింద చెబుతాను.

సామాను మనిషి

ప్రతి కుటుంబంలోనూ ఒక సామాను మనిషి ఉంటుంది. ఆమెను ఎవరూ ఆ పనికి పెట్టరు. మొదటి పాయింటు దగ్గర బస్సు ఆగగానే అందరూ లేస్తారు, ఒక్క క్షణం తటపటాయించి బ్యాగుల వైపు చూస్తారు. ఆ క్షణంలో ఒక గొంతు, "మీరు పోయిరాండ్రి, నేనుంట" అంటుంది. ఇక ఆ టూరంతా ఆమె అక్కడే. రెండో పాయింటుకు ఎవరూ బ్యాగుల వైపు చూడరు కూడా. ఆమె ఒళ్లో తడి తువ్వాలు, ఛార్జింగు పెట్టిన ఫోను, సగం తిన్న చిప్సు పొట్లం, నిద్రపోతున్న పిల్ల. మామూలుగా ఆమె ఆ ఇంటి అత్తో, పెళ్లికాని ఆడబిడ్డో, భర్త పోయిన పిన్నో అయి ఉంటుంది. మగవాడు సామాను దగ్గర కూర్చోగా నేను చూడలేదు. ఎప్పుడైనా కనబడితే వాడు నిద్రపోతున్నాడని అర్థం.

ఈ సామాను మనిషిని తయారుచేసింది మా ఆఫీసేనని నా వాదన. డ్రైవరు సీటు వెనక 'మీ సామానుకు మీరే బాధ్యులు' అని ఎర్ర అక్షరాల స్టిక్కరు ఉంటుంది. దాన్ని పీకేద్దాం, బస్సుకు తాళం వేద్దాం, నేనూ డ్రైవరూ వంతులేసుకుని కాపలా ఉందాం అని సార్‌తో అన్నాను.

"సామాను మన జిమ్మేదారి అంటే రేపు ఎవ్వలిదో గొలుసు పోయిందని మన మెడకు పడ్తది. వాళ్ల మనిషి వాళ్ల సామాన్ కాడ ఉంటే నీకేం తక్లీఫ్?"

"ఆమె కూడా సముద్రం చూస్తాననే టికెట్టు కొంది సార్. బ్యాగుగా రావడానికి కాదు."

"గా బ్యాగే మాట్లాడ్తలేదు, నువ్వెందుకు మాట్లాడ్తవ్?" అన్నాడు సార్. ఆ రోజుకు ఆయనే గెలిచాడు.

డ్రైవరు యాదగిరిని అడిగితే ఇంకా సూటిగా చెప్పాడు. "నన్ను కావలి పెడ్తరా మేడమ్? చాయ్ తాగకుంటే నాకు గేరు పడదు."

బాలమణి

బాలమణి ఆఫీసుకు ఒక్కతే వచ్చింది. ఇల్లు నాగారంలో. భర్త నర్సింహ నాచారంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. కొడుకు, కోడలు స్వప్న, చిన్న మనవరాలు. అందరికీ సీట్లు రాయించి, వెళ్లబోతూ ఆగింది.

"చెల్లె, బస్సు సముద్రం కాడికి ఎంత దగ్గర పోతది?"

"రోడ్డు పక్కనే ఉంటుందక్కా. ఎందుకు?"

"కాళ్లు తడుపుకోవాలె. నా కిడ్నీలు పనిజేస్తలేవట. వచ్చే నెలకెల్లి వారానికి మూడుపార్లు మిషన్ మీద పండాలన్నరు. ఇగ ఊరిడిసి యాడికీ పోయేది లేదట. మా ఇంట్ల అందరు జూసిన్రు సముద్రం. నేనే జూడలె."

"డాక్టరు వెళ్లమన్నాడా?"

"పొమ్మన్నడు. నీళ్లు మాత్రం కొలిసి తాగుమన్నడు."

కాళ్లు తడిపించే పూచీ నాది అన్నాను. ఆమె నవ్వి, కొంగు సర్దుకుని వెళ్లిపోయింది.

కైలాసగిరి దగ్గర బస్సు ఆగింది. అందరూ లేచారు, ఆగారు, బ్యాగుల వైపు చూశారు. నర్సింహ "ఏయ్, బ్యాగులు..." అనే లోపే ఆమె అనేసింది, "మీరు పోండ్రి, నేనుంట" అని.

నేను దగ్గరికెళ్లాను. "అక్కా, నాతో ఏం చెప్పి ఎక్కారు?"

"గిది గుట్టనే గద చెల్లె. సముద్రం కాడ దిగుత."

సరే అనుకున్నాను. రుషికొండ దగ్గర సముద్రమే ఉంది. "అమ్మో, గీ జనంల ఎవడన్న తోస్తే పడిపోత" అంది. తొట్లకొండ దగ్గర మనవరాలు ఒళ్లో నిద్రపోతోంది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర స్వప్న తనంతట తానే లేచి, "నేను కూసుంట మేడమ్, అత్తమ్మను తీస్కపోండి" అంది. అంతలో పిల్ల లేచి ఏడుపు అందుకుంది. స్వప్న దాన్ని ఎత్తుకుని దిగింది. మళ్లీ ఆమే మిగిలింది. ఒక్కో కారణాన్ని విడిగా చూస్తే తప్పు పట్టడానికి ఏమీ లేదు. వాదించడం నా వృత్తిలో సగం. అయినా ఆ రోజు నాకు ఎక్కడా పట్టు దొరకలేదు.

భీమిలిలో నర్సింహ నన్ను పక్కకు పిలిచాడు. "ఆమెకు కాళ్లు వాచినయమ్మా. నువ్వు జబర్దస్తి జెయ్యకు."

"ఆ వాచిన కాళ్లనే నీళ్లలో పెడతానంది."

"మాతోని అననేలేదు."

అది నిజం కావచ్చు. నేను టీ మానేసి బస్సులోనే కూర్చున్నాను. బాలమణి చిన్న సీసాలోంచి మూతతో కొలిచి పోసుకుని, పెదాలు తడుపుకుంది. భర్త ఖాళీ చేసిన సీటు మీదుగా కిటికీలోంచి చూసింది.

"గన్ని నీళ్లు" అంది. "నాకేమో గిన్ని." మూత చూపించి నవ్వింది. "దూపైతున్నది చెల్లె. గవేమో తాగనీకి రావాయె."

తిరుగు దారి

తొట్లకొండ దాటాక ఒకచోట రోడ్డు కిందికి దిగి, నీళ్లకు బాగా దగ్గరగా పోతుంది. అక్కడ బండరాళ్ల మధ్య మెత్తటి ఇసుక. అల వచ్చి మోకాలి దాకా కూడా రాకుండా వెనక్కి పోతుంది. మా కరపత్రంలో దానికి పేరు లేదు. బస్సు ఆపమని యాదగిరితో అన్నాను.

"గీడ పాయింటు లేదు మేడమ్."

"తెలుసు. ఆపు."

పొద్దు కొండల వెనక్కి వాలుతోంది. నీళ్లు మసక బూడిద రంగులో ఉన్నాయి. తలుపు తీశాను. నేరుగా సముద్రంలోకి తెరుచుకున్నట్టే ఉంది, ఉప్పుగాలి లోపలికి కొట్టింది.

అందరికీ వినబడేలా చెప్పాను. "ఇది పాయింటు కాదు. ఎవరూ దిగనక్కర్లేదు. బాలమణి అక్క ఒక్కరే దిగుతారు. సామాను దగ్గర నేనుంటాను."

వెనక నుంచి ఎవరో, "షాపింగ్‌కు టైం గావట్టె" అని గొణిగారు. నేను అటు చూసిన చూపుకు గొణుగుడు ఆగిపోయింది.

బాలమణి లేచింది. సీట్ల కడ్డీలు ఒక్కొక్కటే పట్టుకుంటూ ముందుకు వచ్చింది. కాళ్లకు భర్త పాత రబ్బరు చెప్పులు, ఆమె చెప్పులు పట్టడం లేదు. పై మెట్టు మీద నిలబడింది. నేను చెయ్యి అందించాను, పట్టుకుంది. చెయ్యి చల్లగా ఉంది. అల ఒకటి వచ్చి, బండను తడిపి, వెళ్లిపోయింది. ఆమె దాన్ని చివరిదాకా చూసింది.

అప్పుడు వెనక్కి తిరిగి చూసింది.

నర్సింహ ఫోన్లో భీమిలి ఫొటోలు చూసుకుంటున్నాడు. బస్సంతా నిశ్శబ్దం కావడంతో తలెత్తాడు. అందరూ తననే చూస్తున్నారు. ఇబ్బంది పడ్డాడు.

"పోతే పో. ఎవలు వద్దన్నరు?" అన్నాడు.

ఆమె ఇంకొంచెంసేపు నిలబడింది. "వద్దులే చెల్లె" అంది. "కనవడ్తనే ఉన్నది గద." నా చెయ్యి వదిలి, మళ్లీ కడ్డీలు పట్టుకుంటూ వెళ్లి బ్యాగుల పక్కన కూర్చుంది.

నేను ఊరుకోలేదు. నర్సింహ సీటు దగ్గరికి వెళ్లి, "ఒక్కసారి లేచి, రా పోదాం అనడానికి ఏమైంది మీకు?" అన్నాను.

"నేనేమన్న కట్టేసిన్నా అమ్మా? పొమ్మన్న గద!"

పొమ్మన్నాడు, నిజమే. బస్సంతా విన్నది. యాదగిరి తలుపు మూశాడు. ఊళ్లోకి వచ్చాక, "ఆమె మనసుల ఏమున్నదో మీకెట్ల తెలుస్తది మేడమ్?" అని అతను మెల్లగా అన్నాడు. "నువ్వు గేరు చూసుకో" అన్నాను.

ఆస్పత్రి వరండా

కొన్ని నెలల తర్వాత ఆమెను చూడటానికి వెళ్లాను. నిజానికి ఆ సాయంత్రం ఎందుకు దిగలేదని అడగడానికి వెళ్లాను. డయాలసిస్ గది బయట వరండాలో, వరుస కుర్చీల్లో చివర నర్సింహ కూర్చున్నాడు. ఒళ్లో ఆమె సంచి, ఆమె కళ్లద్దాలు, కొలిచి పోసిన ఆ నీళ్ల సీసా. కుర్చీ కింద ఆ రబ్బరు చెప్పులు. నన్ను చూసి లేవబోయి, సంచి జారుతుంటే మళ్లీ కూర్చున్నాడు.

లోపల ఆమె మిషను పక్కన పడుకుని ఉంది. బాగా నల్లబడిపోయింది. నన్ను చూడగానే మొహం వెలిగింది. పక్క మంచం మీద మనిషిని పిలిచింది.

"వదినె, నేను జెప్తి గద, గీ చెల్లెనే! నన్ను చెయ్యి పట్టుకొని దింపింది. నీళ్లల్ల నిలవడ్తే కాళ్ల కిందికెల్లి ఇసుక గుంజుకపోతది వదినె, మనమే వెనుకకు పోతున్నట్టు అనిపిస్తది. చల్లగ. మోకాళ్ల దాంక తడిసిన. చీరంత ఉప్పు."

ఇసుక సంగతి రుషికొండ దగ్గర బస్సెక్కుతూ స్వప్న అన్న మాట. చీరంతా ఉప్పు అన్నది ఇంకెవరో. బ్యాగుల పక్కన కూర్చుని ఆమె అన్నీ విన్నది. పక్క మంచం ఆవిడ నా వైపు చూసి, "నిజమేనా అమ్మా, గంత గుంజుతదా?" అంది.

జీవితంలో ఎవరు తప్పు చెప్పినా వెంటనే సరిదిద్దే అలవాటు నాది. "గుంజుతుంది" అన్నాను.

అడగాలనుకున్నది అడగలేదు. బయటికి వచ్చాను.

"ఏం జెప్తున్నది లోపల?" అన్నాడు నర్సింహ.

"సముద్రం గురించి."

ఆయన సీసా మూత బిగించాడు, అది బిగించే ఉంది. "దిగినా అంటది గద? ఇంట్ల గూడ గట్లనే జెప్తది. నేను ఔనంట." సీసాను సంచిలో పెట్టి, "ఆమె జెప్పేదాంట్ల నేను గూడ పక్కన్నే ఉన్ననంట నీళ్లల్ల. చెయ్యి పట్టుకున్ననంట" అన్నాడు.

నేను ఆయనతో పోట్లాడటానికి సిద్ధపడి వెళ్లాను. ఆ మాట విన్నాక పోట్లాటకు చోటు మిగల్లేదు.

వానలు మొదలవకముందే బాలమణి పోయింది. స్వప్న ఫోను చేసి చెప్పింది. సూర్యాస్తమయం కథ చెప్పి నవ్వించడం అప్పటి నుంచి మానేశాను. చూడనిది చూశామనేవాళ్ల మీద ఇక నాకు నవ్వు రాలేదు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. తిరుగు దారిలో ఆపండి. తలుపు సముద్రం వైపు ఉన్నప్పుడు ఆపండి. ఆ స్టిక్కరు పీకేయండి, మీ సార్ తిడితే తిట్లు తినండి. సామాను దగ్గర మీరే కూర్చోండి. ఇవన్నీ చేసినా ఆమె దిగకపోవచ్చు, అప్పుడు మోకాళ్ల నొప్పులని మాత్రం చెప్పకండి. ఆ జవాబు అందరికీ సుఖంగా ఉంటుంది, అందుకే అది తప్పు.

కాళ్లు తడుపుకోవాలని ఆమెకు లేదని నేను నమ్మను. ఆ కోరిక లేకపోతే ఆస్పత్రి మంచం మీద ఆ ఇసుకను అంత సరిగ్గా ఎలా తొక్కుతుంది? తలుపు తీసి ఉంది, మెట్టు కింద ఇసుక ఉంది, చెయ్యి ఇవ్వడానికి నేనున్నాను, మొగుడు పొమ్మన్నాడు. మరి ఆ సాయంత్రం ఎవరు పిలిస్తే దిగేది?